మా ఓనరమ్మ తల్లిగారిల్లు

"మేడం, అమ్మ పోయింది" అని మా ఓనరమ్మ కొడుకు ఫోన్ చేసేసరికి నేను యూసుఫ్‌గూడ సందులో బండి దగ్గర నిలబడి బెండకాయల కొసలు విరిచి చూస్తున్నాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఎప్పుడన్నాను. పొద్దున్నేనన్నాడు. బాధపడిందా అన్నాను. లేదన్నాడు. ఇంకో ప్రశ్న నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. అడక్కుండానే అతనే చెప్పాడు.

"నాతోటి ఏం మాట్లాడలే మేడం. ఆఖరుకు సుత పుంజుతోనే మాట్లాడింది."

బండివాడు "కాయలన్నీ విరిచేస్తే ఎవరు కొంటారమ్మా" అని సణుగుతున్నాడు. వాడి కాయలు వాడికే వదిలేసి ఆటో ఎక్కాను. అమీర్‌పేట దాకా ఆటోలో ఏడుస్తూనే వెళ్ళాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆవిడ నాకు చుట్టం కాదు. అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. మేం అమీర్‌పేట వదిలి వచ్చేసి ఏడాది దాటింది కూడా. అయినా నా సొంతవాళ్ళు పోయినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదంటే నమ్మండి.

కన్నకొడుకుని పక్కన పెట్టుకుని తల్లి పుంజుతో మాట్లాడ్డం ఏమిటని మీకనిపిస్తుంది. అది తెలియాలంటే ముందు ఆ ఇల్లూ, ఆ మనిషీ తెలియాలి.

ఆ ఇల్లు మీలో చాలామంది చూసే ఉంటారు, చూశామని తెలియకుండా. ఎందుకంటే బయటికి ఇల్లు కనిపించదు, బోర్డులే కనిపిస్తాయి. కంప్యూటర్ కోర్సుల బోర్డు, దాని నెత్తిన స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు, దాని నెత్తిన హాస్టల్ బోర్డు. ఆ బోర్డుల సందులోంచి మా వంటింటి కిటికీ. కింద రోడ్డు వైపు జిరాక్సు షాపు, దాని వెనక గదుల్లో ఓనరమ్మా, కొడుకూ, కోడలూ. మొదటి అంతస్తులో మేమూ, ఇంకో రెండు కుటుంబాలూ. ఆ పైన అంతా మగపిల్లల హాస్టలు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా అన్ని ఊళ్ళ పిల్లలూ ఆ మంచాల మీదే పడుకుని, చేతిలో జిరాక్సు కాగితాలతో ఉద్యోగాల కోసం ఎదురుచూస్తుండేవాళ్ళు. మావారు ఆ వీధిలోనే ఓ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవారు. నేను ఇంట్లో కూర్చుని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేదాన్ని. అంటే ఎక్కడో సముద్రాల అవతలి డాక్టర్లు ముక్కుతో మాట్లాడి పంపిన రోగాలన్నీ చెవిలో పెట్టుకుని విని, టైపు కొట్టి పంపడం. ఊరూ పేరూ తెలియని మనుషుల గుండెజబ్బులూ గర్భసంచులూ పొద్దస్తమానం నా చెవిలోనే. కంప్యూటరు ఆపేదాన్ని కాదు. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు ఆవిడ మెట్ల కింద గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక కోడిగుడ్డుని కంటిరెప్పకి ఆనించుకుని ఉంది. కంటికేదో చిట్కావైద్యం కాబోలనుకున్నాను.

"కళ్ళు మండుతున్నాయాండీ?" అన్నాను.

"కాదు బిడ్డా. పెట్ట బువ్వకు లేసింది, ఇంకా రాలె. గుడ్లు సల్లారినయా అని చూస్తున్న. వేడి చేతికి తెల్వది, రెప్పకు తెలుస్తది."

ఆవిడ పక్కన ఊక పోసిన గంప, అందులో గుడ్లు. గుడ్డు గంపలో పెట్టేసి నన్ను ఎగాదిగా చూసింది. మా కులమడగలేదు, మాంసం తింటారా అనడగలేదు, పిల్లలెందరని అడగలేదు. "కోడి కూత పడ్తదా మీకు? పడదంటే ఇప్పుడే చెప్పు, ఎన్కకు లొల్లి వద్దు" అంది. ఆ ఇంట్లో అద్దెకి దిగడానికి ఉన్న షరతల్లా అదొక్కటే. పడుతుందన్నాను. "అయితే సామాన్ తెచ్చుకో" అంది.

మిద్దె మీద ఓ మూల తడిక కట్టి అందులో కోళ్ళని పెంచేది. ఎర్రవి, మెడ దగ్గర నల్ల ఈకలు. గుడ్ల మీద కూర్చున్నదాన్ని మాత్రం మెట్ల కిందికి తెచ్చుకునేది. ఆ చీకటీ ఆ వెచ్చదనమూ ఉంటేనే అది స్థిమితంగా కూర్చుంటుందిట. ఇక పుంజులు! తెల్లవారకముందే మొదలెట్టేవి. కాల్‌సెంటర్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి మంచం మీద వాలిన హాస్టలు పిల్లలు తలగడలు నెత్తిన పెట్టుకుని కిందికి వచ్చేవాళ్ళు పోట్లాటకి. ఆవిడ వాకిట్లో పళ్ళు తోముకుంటూ తాపీగా, "మీరు పండుకునే యాళ్ళకు అది లేస్తది, అది పండుకునే యాళ్ళకు మీరు లేస్తరు. తప్పెవరిది, చెప్పుండ్రి" అనేది. పిల్లలకి నవ్వొచ్చేసేది. తిన్నారా అనడిగేది వెంటనే. ఎవరు కనిపించినా ఆవిడ అడిగే మొదటి మాట అదే. తినలేదని చెప్పినవాడి చేతిలో రొట్టె ముక్క పడకుండా వాడు మెట్లెక్కలేడు.

ఓ వర్షం రోజు ఆవిడ మా తలుపు కొట్టి "పాత తాళంకప్ప ఉంటే ఇయ్యి" అంది. ఎందుకంటే, ఉరుముకి గుడ్లు మురిగిపోతాయిట, ఇనుప ముక్క గంపలో ఉంటే ఉరుము దాని మీదికి పోతుందిట. ఇదివరకు పెట్టే గొళ్ళెం ముక్క ఎవరో ఊడ్చి పారేశారుట. మా దగ్గర చెవి పోగొట్టుకున్న తాళంకప్ప ఒకటుంది, తుప్పుపట్టింది, ఇచ్చాను. మావారు నవ్వారు. "ఏంటండీ, దేశమంతా సాఫ్ట్‌వేర్ నేర్పుతున్న వీధిలో ఉరుముకి తాళమా" అన్నారు. "నీ కంప్యూటర్‌కు మొన్న నిమ్మకాయ కట్టినవు గదా సారూ" అంది ఆవిడ.

తల్లిగారిల్లు సంగతి అప్పుడే చెప్పింది, మా గడప మీద కూర్చుని వర్షం చూస్తూ. ఆవిడ పెళ్ళై వచ్చేనాటికి అక్కడ రోడ్డు లేదు, బోర్డుల్లేవు, కూరగాయల మళ్ళు. సిద్దిపేట దిక్కు ఏదో పల్లె నుంచి వచ్చింది. ఒడిబియ్యం అంటే తెలంగాణవాళ్ళకి చెప్పక్కర్లేదు, మా కోస్తావాళ్ళ కోసం చెబుతున్నాను. పుట్టింటివాళ్ళు ఆడపిల్ల ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసి అత్తారింటికి పంపుతారు. వాళ్ళమ్మ ఆ బియ్యం మధ్యలో గుడ్లు దాచి మూట కట్టిందిట. బస్సు కుదుపులకి పగులుతాయేమోనని, దారి పొడుగునా ఒడి రెండు చేతుల్తో పట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా కూర్చుందిట కొత్త పెళ్ళికూతురు. వచ్చాక పక్కింటివాళ్ళ పెట్ట కింద పెట్టించి పిల్లల్ని లేపింది. ఆ ఏడే వాళ్ళమ్మ పోయింది. ఉన్న ఒక్క తమ్ముడూ పొలం అమ్ముకుని, తర్వాత వాడూ పోయి, ఇల్లు కూలిపోయింది.

"పండుగకు పిలిచేటోళ్ళు లేరు. ఒడిబియ్యం పోసేటోళ్ళు లేరు. మా అవ్వ చేతిది అంటే గివే మిగిలినయి" అని పైకి, మిద్దె వైపు చూపించింది. "నా తల్లిగారిల్లు గదే బిడ్డా."

అందుకని ఆవిడకో పద్ధతుండేది. పొదిగిన ప్రతిసారీ పెట్టల్ని ఉంచుకునేది, పుంజుల్ని కూరొండేసేది. దయాదాక్షిణ్యం లేదు. "పుంజుదేమున్నది, ఏ ఇంట్లనైనా దొరుకుతది. ఇల్లు నిలబెట్టేది పెట్ట" అనేది. కొడుకుల కోసం మొక్కులు మొక్కే లోకంలో ఆ మాట వింటే నాకు కడుపు నిండినట్టుండేది. నాకిద్దరూ ఆడపిల్లలే మరి.

ఇక చెప్పక తప్పని రోజు సంగతి.

టీవీల్లో కోళ్ళ జబ్బు వార్తలు మొదలయ్యాయి. ఎక్కడో పక్క రాష్ట్రంలో ముసుగులేసుకున్న మనుషులు కోళ్ళని గోతాల్లో కుక్కుతున్న బొమ్మలే పొద్దున్నించీ రాత్రిదాకా. మొదట హాస్టల్లో ఆదివారం చికెన్ ఆగింది. తర్వాత ఎవడికో మిద్దె మీది కోళ్ళు గుర్తొచ్చాయి. మెట్ల మీద గుంపులు. మా పక్క వాటావాళ్ళు "ఏంటండీ ఇది, చిన్నపిల్లలున్న ఇల్లు" అని చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్లు దిగేవారు. భీమవరం నుంచి ఓ తల్లి ఫోన్ చేసి కొడుకుని వెంటనే ఖాళీ చేయమంది. వాడు పెట్టె సర్దుకుని పోయాడు. వాడి వెనక మరో గది. ఓనరమ్మ కోళ్ళు మాత్రం గింజలేరుకుంటూ రాళ్ళలా ఉన్నాయి. ఆ మాట ఎవరికి చెబితే వింటారు? చదువుకున్నవాళ్ళం కదా, టీవీ చెప్పింది వింటాం గానీ కళ్ళెదురుగా ఉన్న కోడిని చూడం.

కొడుకుని చెడ్డవాడనకండి. నేననను. హాస్టలు మీదే ఆ ఇల్లు గడిచేది. వారం రోజులు తల్లికి చెప్పలేక, కుర్రాళ్ళకి చెప్పలేక మెట్ల మీద పైకీ కిందికీ తిరిగాడు పాపం. ఓ పొద్దున ఆవిడ ఎర్రగడ్డ రైతుబజారుకి బయల్దేరింది. ఆవిడ సందు మలుపు తిరిగిందో లేదో ఇద్దరు మనుషులు గోతాలతో లోపలికొచ్చారు.

నేను చెవుల్లోంచి హెడ్‌ఫోన్ తీశాను. తీయకపోయినా వినపడే గోల అది. వెనక కిటికీలోంచి చూస్తే ఖాళీ స్థలంలో గొయ్యి, గట్టున సున్నం బస్తా. పరిగెత్తి మెట్ల దగ్గరికొచ్చేసరికి కొడుకు కింది నుంచి వస్తున్నాడు. కుడిచేతికి రుమాలు చుట్టుకున్నాడు, రుమాలంతా రక్తం.

"మెట్ల కిందదీనా?" అన్నాను. "గుడ్ల మీదుంది కదయ్యా అది!"

"అన్ని తీసెయ్యమంటుండ్రు మేడం. ఒక్కటున్నా ఖాళీ చేస్తమంటుండ్రు" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

ఆవిడ మధ్యాహ్నానికి వచ్చింది. సంచీ జిరాక్సు షాపు అరుగు మీద పెట్టి తిన్నగా మిద్దెక్కింది. నాలుకతో టకటకమని కోళ్ళని పిలవడం నాకు వినపడుతూనే ఉంది. పిలిచింది. ఆగింది. మళ్ళీ పిలిచింది. ఆ రెండో పిలుపు విన్నాక నేను కిటికీ మూసేశాను. ఆవిడ కిందికి దిగొచ్చాక కొడుకే ఎదురెళ్ళి, తలొంచుకుని, జరిగింది చెప్పాడు.

"మెట్ల కింద దాన్ని?" అంది.

అతను తలూపాడు.

"గుడ్ల మీద కూసున్నదాన్ని లేపినవా?"

కొడుకుతో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆ తర్వాత రెండేళ్ళకి పైగా బతికింది.

కాసేపటికి మా తలుపు తీసుకుని వచ్చింది. కొంగు ఒడికట్టు కట్టుకుని, రెండు చేతుల్తో కడుపుకి హత్తుకుని ఉంది. గోతాలవాళ్ళు కోళ్ళనే చూశారు, మెట్ల కింద ఊకలో గుడ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఆవిడ ఒక్కొక్కటే రెప్పకి ఆనించి చూసుకుంది. "ఇంకా పానం ఉన్నది" అంది. తర్వాత నా మానిటర్ నెత్తిన చెయ్యి పెట్టింది. ఇప్పటి పలచటి బల్లపరుపువి కావు, అప్పటివి వెనక ఇంత వీపు వేసుకుని ఉండేవి. ఎప్పుడూ వెచ్చగా ఉండేవి.

"నీ టీవీ వేడిగుంటది గదా బిడ్డా. నువ్వు దీన్ని బంద్ జెయ్యవు. జర నా గుడ్లు పెట్టుకో."

మావారు కంగారుపడ్డారు. కుర్రాళ్ళకి తెలిస్తే ఏమవుతుందోనని. "మనకెందుకే" అన్నారు. "మనకే" అన్నాను. అట్టపెట్టెలో ఊక, ఆవిడ పాత చీర ముక్క, పైన టేబుల్ లైటు వంచి పెట్టి, మానిటర్ నెత్తినే ఆ పెట్టెని కూర్చోబెట్టాం. తాళంకప్ప మర్చిపోలేదు. గుడ్లకి ఒక వైపు కుంకుమబొట్టు పెట్టింది. పొద్దున బొట్టు పైకి, సాయంత్రం బొట్టు కిందికి. పెట్ట అయితే ముక్కుతో తిప్పుకుంటుంది, మనకి ముక్కు లేదు కదా అంది. పక్కన గిన్నెలో నీళ్ళు. గాలి ఎండిపోతే లోపలి పిల్ల పెంకుకి అతుక్కుపోతుందిట. నేను చెవిలో రోగాలు వింటూ టైపు చేసుకుంటుంటే ఆవిడ నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని పెట్టెకేసి చూస్తుండేది. మధ్యమధ్యలో లేచి ఓ గుడ్డు తీసి రెప్పకి ఆనించి, లైటు పైకి జరపడమో కిందికి దించడమో చేసేది. నేను తొందరపడి ఇంకా ఎన్నాళ్ళండీ అంటే, "గుడ్డుకేం తొందర లేదు, తొందరంతా మనకే" అనేది.

ఓసారి గుప్పిటలో గుడ్డు పెట్టి లైటుకి అడ్డం పట్టి నన్ను చూడమంది. ఎర్రటి దారాల్లాంటి నరాలు, మధ్యలో ఓ నల్లటి చుక్క, అది కొట్టుకుంటోంది. రోజుకి పది గుండెల సంగతులు టైపు చేసేదాన్ని, గుండె అంటే ఇదీ అని అప్పుడు చూశాను.

ఎండాకాలం కరెంటు కోతలు రానే వచ్చాయి. ఫ్యాను ఆగిపోగానే ఆవిడ మాట్లాడకుండా గుడ్లన్నీ ఒడిలోకి తీసుకుని, కొంగు కప్పి, కడుపుకి ఆనించుకుని, కరెంటు వచ్చేదాకా కదలకుండా కూర్చునేది. చెమటలు కారిపోయేవి. విసనకర్ర విసరబోతే వద్దనేది, గాలి గుడ్లకి తగులుతుందని. నీళ్ళు నేనే గ్లాసుతో నోటికి అందించేదాన్ని. పెళ్ళికూతురిగా బస్సులో ఎలా కూర్చుని వచ్చిందో అలాగే కూర్చుందనిపించేది నాకు. అప్పుడు పక్కన పుట్టింటి నుంచి సాగనంపిన మనుషులున్నారు. ఇప్పుడు నేనొక్కదాన్ని, తెనాలిదాన్ని, ఏ వరసా కానిదాన్ని.

దేవుడు చల్లగా చూశాడని రాయాలని ఉంది గానీ చూడలేదు. ఒక్కొక్కటే మురగడం మొదలెట్టాయి. వాసన పట్టగానే తీసి, కాగితంలో చుట్టి, కొంగు చాటున పట్టుకెళ్ళి ఎక్కడో పూడ్చి వచ్చేది. మిగిలిన మూడింటికి గడువు దగ్గర పడ్డాక చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కిచకిచ వినపడింది. మా పిల్లలిద్దరూ ఆ రోజు బడికి వెళ్ళం గాక వెళ్ళమని మొండికేశారు. ఒక గుడ్డు పగిలి ముక్కు బయటికొచ్చింది. గిలగిల్లాడింది. ఎంతకీ రాదు. నేను గోటితో పెంకు తీయబోతే చెయ్యి పట్టుకుంది. "తీస్తే నెత్తురొస్తది. దానంతటది రావాలె." అది రాలేదు. ముక్కు బయట పెట్టుకునే చచ్చిపోయింది. రెండోదీ అంతే. మా చిన్నది వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది.

మూడోది వచ్చింది. తడిసిన నూలుపోగులా ఉంది. ఆవిడ దాన్ని అరచేతిలో పట్టుకుని చూస్తూ, "మా అవ్వ, మా అవ్వ" అని రెండుసార్లు అంది. ఆవిడ ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. ఎంత ఏడ్చిందో! నన్ను పట్టుకుని, చిన్నపిల్లలా.

పెట్టెలోని ఊకా తాళంకప్పా ఆవిడ మళ్ళీ మెట్ల కింది గంపలోకి చేర్చేసింది. పిల్లని మా వెనక బాల్కనీలో వేరే గంప కింద దాచి పెంచాం. నూకలు వేసేవాళ్ళం. మా పిల్లలు దానికి పేరు పెట్టబోతే వద్దంది. రోజూ దాన్ని ఒడిలో పెట్టుకుని తల మీది ఈకలు వేలితో తోసి చూసేది. ఏం చూస్తోందో నాకు తెలుసు. అది పెట్ట కావాలి. పెట్ట అయితే ఏ పుంజుతోనైనా ఇల్లు మళ్ళీ మొదలవుతుంది. ఆ ఒక్కటీ పెట్ట అయితే చాలు. నేనూ మొక్కుకున్నాను, మా ఊళ్ళో దేవుళ్ళకి కూడా.

నెత్తిన తురాయి ముందుగానే ఎర్రబడింది. ఆవిడ చూసింది, నేనూ చూశాను. కొన్ని పెట్టలకీ అలా ఉంటుందేమోనని ఒకరికొకరం చెప్పుకోకుండానే సర్దుకున్నాం. ఓ పొద్దున్నే బాల్కనీలోంచి గొంతు పగిలిన కేక ఒకటి వినిపించింది. కూత రాక, రాక, సగంలో విరిగిపోయింది. మళ్ళీ కూసింది. ఈసారి పూర్తిగా కూసింది.

కొంపంతా నిద్ర లేచింది. మెట్ల మీద చప్పుడు. కొడుకు మా తలుపు కొట్టాడు. నేను తీసేసరికి ఓనరమ్మ అప్పటికే బాల్కనీలో పుంజుని ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. కొడుకుని చూడలేదు.

"అమ్మా," అన్నాడతను, "నాకు చెప్తే అయిపోతుండె గదనే."

ఆవిడ పుంజుకి చెప్పింది. "ఒరే, మీ ఓనర్‌కు చెప్పు. ఫికర్ జెయ్యొద్దను. నువ్వు పుంజువే. ఇంక ఇక్కడ పొదిగేదేం లేదని చెప్పు."

హాస్టలు కుర్రాళ్ళు మళ్ళీ మెట్ల మీదికొచ్చారు గానీ ఈసారి అతను వాళ్ళ మీద పడ్డాడు. "ఖాళీ చేసేటోళ్ళు చెయ్యుండ్రి, నడువుండ్రి!" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. ఎవరూ ఖాళీ చేయలేదు. టీవీల్లో అప్పటికి ఆ వార్త పాతబడింది. మళ్ళీ ఆదివారం చికెన్ మొదలైంది కూడా. అదే నాకు మండిపోయేది. ఓనరమ్మ మాత్రం అప్పటినుంచి కోడికూర ముట్టలేదు, గుడ్డు ముట్టలేదు. ఆ పుంజుని కూరొండుకోలేదు.

అప్పటినుంచి ఆ ఇంట్లో తల్లీకొడుకుల మధ్య మాటలన్నీ పుంజు మీదుగానే నడిచాయి. "ఒరే, బువ్వ సల్లారుతున్నదని చెప్పు." "ఒరే, ఆ దగ్గుకు మందేసుకోమను." వినేవాళ్ళకి మొదట నవ్వొచ్చేది. నాకూ వచ్చింది, అబద్ధమెందుకు. తర్వాత్తర్వాత అతను ఆ మాటలకి పుంజుకేసి చూస్తూ జవాబు చెప్పడం మొదలెట్టాక నవ్వు రాలేదు. నేనోసారి గట్టిగానే పోట్లాడాను ఆవిడతో. కన్నకొడుకండీ, ఇక చాలు అన్నాను. "కోళ్ళు పోతే పోయినయి బిడ్డా. భయమయింది, తీసిండు. కానీ గుడ్ల మీదున్నదాన్ని ఎట్ల లేపిండు? నేనెట్ల కన్న వాణ్ణి?" అంది.

మేం యూసుఫ్‌గూడకి మారాక కూడా వెళ్ళి చూసేదాన్ని. మనిషి చిక్కిపోతూ వచ్చింది. మంచం పట్టాక కొడుకు ఓ పని చేశాడు. హాస్టలు భార్యకి అప్పగించి, వాళ్ళమ్మ పుట్టిన పల్లె వెతుక్కుంటూ వెళ్ళాడు. ఒకప్పుడు ఆ ఇంటి కోళ్ళ పిల్లల్ని ఎవరైనా ఇరుగుపొరుగు తీసుకుని ఉండరా అని ఆశ. ఊరంతా ఫారం షెడ్లేనట. తిరిగి తిరిగి, మెడ దగ్గర నల్ల ఈకలున్న ఓ ఎర్ర పెట్టని పట్టుకొచ్చి ఆవిడ మంచం మీద పెట్టాడు. నేనా రోజు అక్కడే ఉన్నాను. ఆవిడ చాలాసేపు దాని మెడ నిమిరింది. కాళ్ళు చూసింది, రెక్క విప్పి చూసింది. తర్వాత మంచం కోడు పక్కన నిలబడ్డ పుంజుకేసి తిరిగింది.

"ఒరే, పాపం దాన్ని తెచ్చిన కాడ్నే ఇడ్సిపెట్టి రమ్మను. దానికి సుత తల్లిగారిల్లు ఉంటది."

అతను ఆ పెట్టని చంకలో పెట్టుకుని మళ్ళీ బస్సెక్కాడు.

చివరి రోజు ఆవిడ పుంజుతో ఏం చెప్పిందో నేనడిగాను, అంత్యక్రియలయ్యాక. "కొడుకు తిన్నడా అనడిగింది మేడం" అన్నాడు. "పుంజునడిగింది."

మూడో రోజు పంజాగుట్ట శ్మశానంలో పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే తృప్తిపడ్డట్టు. జొన్నరొట్టె పెట్టారు, పుంటికూర, అదే మా గోంగూర, పెట్టారు, కల్లు సీసా పెట్టారు. కోడికూరా గుడ్డూ వద్దని కొడుకు ముందే చెప్పాడు. అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకి రాలేదు. పక్కన ఫ్లైఓవర్ మీద బళ్ళ హోరు. పావురాలు దిగాయి గుంపుగా. పావురాలు లెక్కలోకి రావని వాటిని తోలేశారు. ఎండ నెత్తికెక్కింది. కులపెద్ద ఒకాయన, "ఏదో కోరిక మిగిలినట్టున్నది. నువ్వు చెప్పురా, చేస్తనని చెప్పు" అన్నాడు. కోడలు చెప్పింది, చుట్టాలు చెప్పారు. కాకి రాలేదు.

కొడుకు వెళ్ళి ఆకు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈసారి చెప్పడానికి మధ్యలో పుంజు లేదు.

"అమ్మా. గుడ్ల మీద కూసున్నదాన్ని లేపిన. నీ తల్లిగారిల్లు నేనే పూడ్సిన" అన్నాడు. కుడిచెయ్యి చాపాడు, ఆ పెట్ట ఎక్కడ పొడిచిందో చూపిస్తున్నట్టు.

అయినా కాకి రాలేదు. ఎంతసేపని నిలబడతారు, ఈ పట్నంలో కాకులెక్కడున్నాయని సర్దిచెప్పుకుని, ఆకు ఓ ఆవుకి పెట్టి అందరూ కదిలారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళబోతుంటే కొడుకు మెట్ల దగ్గర ఆగిపోయాడు. మెట్ల కింద ఆవిడ గంప అలాగే ఉంది. ఆ ఊకలో పుంజు కూర్చుని ఉంది. ఊరికే కూర్చోలేదు, పెట్ట కూర్చున్నట్టు రెక్కలు కాస్త విప్పి, ఒళ్ళు ఉబ్బించి కూర్చుంది. పుంజులు అప్పుడప్పుడూ అలా గంపెక్కుతాయని ఆవిడే చెప్పింది నాకోసారి.

అతను వంగాడు. లేపుతాడేమోనని నేనో అడుగు ముందుకేశాను. లేపలేదు. చెయ్యి మెల్లగా దాని కిందికి పోనిచ్చి, తడిమి, ఏదో బయటికి తీశాడు. మా తాళంకప్ప. ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకుని దాన్ని రెప్పకి ఆనించుకున్నాడు. చిన్నప్పటి నుంచీ చూసిందే కదా.

"వెచ్చగున్నది మేడం" అన్నాడు.

తర్వాత దాన్ని పుంజు కదలకుండా మళ్ళీ దాని కిందికే తోసేశాడు.